చివర నిలబడ్డ ఆటగాడు

ఆ రేకుపెట్టె దొరికిన రోజు నేను సెలవులో ఉన్నాను. మా కాలేజీ ఆటస్థలం పక్కనున్న పాత పెవిలియన్ పైకప్పు మారుస్తుంటే, దూలాల సందులో ఇరికించి పెట్టిన పెట్టె పనివాళ్ళ కంటపడిందట. మర్నాడు నేను వెళ్ళేసరికి అందులోని సామానంతా నా బల్లమీద పరిచి ఉంది. ఒక లావుపాటి నోటుపుస్తకం, కొన్ని విడి కాగితాలు, అట్టకు అతికించిన ఒక పెద్ద ఫొటో.

నేను పనిచేసేది మెల్‌బోర్న్‌లో ఒక పాత కాలేజీలో, పాత కాగితాలు భద్రపరిచే గదిలో. వారానికి మూడు రోజులు. ఒంగోలులో చరిత్రలో ఎం.ఏ. చేశాను కానీ పెళ్ళయి ఇక్కడికి వచ్చాక ఆ డిగ్రీ సంగతి ఎవరూ అడగలేదు. ఆరేళ్ళు ముసలివాళ్ళను చూసుకునే హోములో పనిచేశాను. ఆ తర్వాత రికార్డుల కోర్సు ఒకటి పూర్తిచేసి ఈ ఉద్యోగం సంపాదించుకున్నాను. మా గదికి పెద్ద, అరవై దాటిన ఆస్ట్రేలియా ఆవిడ. పొదుపుగా మాట్లాడుతుంది. నోటుపుస్తకం నా వైపు జరిపి, "ఈ చేతిరాత నాకు లొంగదు. నువ్వు చూడు," అంది. ఆరేళ్ళపాటు డాక్టర్లు రాసిన చీటీలు చదివినదాన్ని కదా, నాకు అది అంత కష్టమనిపించలేదు.

అది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ఒకే ఒక్క సీజన్‌లో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆడిన ఆటల వివరం. జట్టు సెక్రటరీ రాసుకున్నాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తోనూ కాలితోనూ ఆడే ఆట. జట్టుకు పద్దెనిమిది మంది. నాకు ఆ ఆట ఓనమాలు తెలియవు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి మాత్రం శనివారాలు మేముండే పాయింట్ కుక్‌లో పిల్లల జట్టులో ఆడుతుంది. నోటుపుస్తకంలో అర్థంకాని మాట వస్తే దాన్నే అడిగేదాన్ని. పక్క స్తంభాల మధ్య నుంచి బంతి పోతే గోల్ కాదా అంటే, "నో అమ్మా, దట్స్ ఎ బిహైండ్. వన్ పాయింట్ ఓన్లీ," అని నా అజ్ఞానానికి జాలిపడేది.

ఆ కాలంలో కాలేజీలో ఉన్నదే కొద్దిమంది. పద్దెనిమిది మందిని పోగుచెయ్యడమే సెక్రటరీకి పెద్ద పని. మొదటి ఆటకు ఇద్దరు పరీక్షలని రాలేదు. ఓడిపోయారు. రెండో ఆటనాడు కుండపోత వాన, బంతి బురదలో కూరుకుపోయింది. ఓడిపోయారు. మూడో ఆటలో కెప్టెన్ భుజం ఎముక విరిగింది. వరసగా అయిదు ఓటములు. ఒక్కచోట కూడా సాకు చెప్పలేదు సెక్రటరీ. వాళ్ళు మాకన్నా బాగా ఆడారు అని రాసి, కింద గీత గీసేవాడు.

ఆరో ఆటకు ఒక మనిషి తక్కువయ్యాడు. సెక్రటరీ నేరుగా కాలేజీ వంటింట్లోకి వెళ్ళి, బంగాళాదుంపల తొక్కు తీస్తున్న కుర్రవాణ్ణి పట్టుకొచ్చాడు. విద్యార్థులు తప్ప ఇంకొకళ్ళు ఆడకూడదని నియమం. అందుకే కాబోలు, పుస్తకంలో ఎక్కడా అతని పేరు రాయలేదు. 'వంటింటి మనిషి' అనే రాశాడు. ఆ వంటింటి మనిషి వచ్చాక జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఆఖరి ఆట, తమను అందరికన్నా చిత్తుగా ఓడించిన కాలేజీతో. గంట మోగబోతుండగా అతను కొట్టిన గోల్‌తో గెలిచారు. ఆ పేజీలో సెక్రటరీ అక్షరాలు వంకర్లు పోయాయి. సంతోషం పట్టలేక రాసినట్టున్నాడు.

ఫొటోలో పంతొమ్మిది మంది ఉన్నారు. కింద అందమైన అక్షరాలతో పద్దెనిమిది పేర్లు. కుడివైపు చివర, మిగతావాళ్ళకు జానెడు ఎడంగా, కాలేజీ టోపీ లేకుండా, చేతులు మడిచిన చొక్కాతో ఒకడు నిలబడి ఉన్నాడు. అతనికి పేరు లేదు.

ఆ చలికాలమంతా నేను వాళ్ళతోనే బతికాను. రైల్లో కూర్చుని రాసుకున్న కాగితాలు దిద్దుకునేదాన్ని. ఓడిన ఆటలకు నాకే దిగులేసేది. ఈ దేశం వచ్చాక నావాళ్ళు అనుకున్న మనుషులు వాళ్ళే మొదలు.

సరిగ్గా అప్పుడే కాలేజీ ప్రచార విభాగంలో ఒక తెలుగమ్మాయి చేరింది. హనుమకొండ పిల్ల. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకుని స్థిరపడింది. యూనివర్సిటీలో ఉండగా రెండేళ్ళు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆడిందట. టీ గదిలో నేను మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "అక్కా, మీరు తెలుగా? నాకెవరూ చెప్పలే," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వారమంతా నా గోంగూర పప్పు ఇద్దరం పంచుకుని తిన్నాం. నోటుపుస్తకం చూపించింది నేనే. ఇది చెప్పి తీరాలి. నా దగ్గర్నుంచి ఎవరూ ఏదీ లాక్కోలేదు. నా చేత్తో నేనే ఇచ్చాను.

ఆ అమ్మాయి వీడియోలు మొదలుపెట్టింది. కాలేజీ జెర్సీ వేసుకుని గ్రౌండ్ మధ్యలో నిలబడి, ఒక్కో వీడియోలో ఒక్కో ఆట కథ రెండే నిమిషాల్లో చెప్పేది. నేను నెలరోజులు కూర్చుని విప్పిన ముడిని అది నవ్వుతూ ఒక్క వాక్యంలో చెప్పేసేది. పైగా బాగా చెప్పేది. అదే నా బాధ. బాగా లేకపోతే నాకు నిద్ర పట్టేది. వేలమంది చూశారు. రేడియోవాళ్ళు పిలిచి మాట్లాడించారు. కాలేజీ ప్రిన్సిపాల్ వరండాలో ఎదురైతే దాన్ని పేరుపెట్టి పలకరించేవాడు. నన్ను పలకరించే ముందు నా మెళ్ళోని కార్డు వైపు చూసేవాడు.

రేడియోలో నా గురించి చెప్పిందట. వాళ్ళు కోసేశారు. తనే మా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సారీ అక్కా, మీ గురించి చెప్పిన ముక్కనే కట్ చేసిండ్రు. ఐ ఫెల్ట్ సో బ్యాడ్. నెక్స్ట్ టైమ్ ముందే చెప్త వాళ్ళకు."

"దానికేముందమ్మా, ఫర్వాలేదు," అన్నాను. ఆ అమ్మాయి చెడ్డదై ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. అలా క్షమాపణ చెప్పేసరికి కోపం తెచ్చుకునే దారి కూడా మూసుకుపోయి, లోపల ఉన్నది లోపలే కుళ్ళడం మొదలుపెట్టింది.

పాయింట్ కుక్‌లో ఒక పుట్టినరోజు బార్బెక్యూకి వెళితే, గుంటూరు ఆంటీ ఒకావిడ పళ్ళెం పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చుంది.

"మీ కాలేజీయే కదమ్మా, ఫుట్‌బాల్ మీద వీడియోలు చేసే పిల్లది? మా మనవడు పెట్టి చూపించాడు. ఎంత చక్కగా చెబుతుందో. నీకు తెలుసా?"

"తెలుసాంటీ."

"నువ్వేం చేస్తావక్కడ?"

"పాత కాగితాలు సర్దుతుంటాను."

"అదీ మంచిదేలే. ప్రశాంతంగా ఉంటుంది," అంది ఆవిడ.

తిరిగొస్తుంటే కారులో మా ఆయన, "నువ్వూ ఒక వీడియో చెయ్యి. నీకన్నా ఎవరికి తెలుసు ఆ కథ?" అన్నారు. నా ఇంగ్లీషు ఎవరు వింటారు అని నేను విసుక్కున్నాను. కానీ మర్నాడు ఉదయం స్టేషన్ కార్ పార్కులో, అద్దాలు ఎత్తుకుని, మొదటి ఆట కథ పైకి చెప్పి చూసుకున్నాను. ఫుట్‌బాల్‌ని ఆ అమ్మాయి 'ఫుటీ' అన్నట్టే అనబోయాను. నా నోట్లో ఆ మాట అరువు తెచ్చుకున్న చీరలా ఉంది. కుక్కను నడిపించుకు వెళ్తున్న ఒకాయన ఆగి నా వైపు చూశాడు. నోరు మూసుకుని కారు దిగాను.

ఆ తర్వాత వారం ఒక ఉత్తరం దొరికింది. నోటుపుస్తకం వెనక అట్టకు లోపల అతికించిన కాగితం ఒక మూల ఊడి ఉంటే, దాని కింద మడతపెట్టిన ఒక చిన్న కాగితం కనిపించింది. జట్టు సెక్రటరీకి వంటింటి మనిషి రాసిన ఉత్తరం. అక్షరదోషాలు చాలా ఉన్నాయి. మీరిచ్చిన బూట్లు సరిపోయాయి అన్నాడు. గోధుమ పొలాల వైపు వాళ్ళన్న దగ్గర పనికి వెళ్ళిపోతున్నానని చెప్పాడు. వీలైతే ఫొటో ఒకటి పంపండి, నేను ఆడానంటే మా అమ్మ నమ్మడం లేదు అని అడిగాడు. కింద ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం.

రెండుసార్లు చదివాను. అప్పటికి నెలరోజులుగా ఆ అమ్మాయి ప్రతి వీడియో చివరా అడుగుతోంది, ఈ పంతొమ్మిదో మనిషి ఎవరో మీకెవరికైనా తెలుసా అని. జనం ఊహలు రాస్తున్నారు. ఈ కాగితం దాని చేతికి వెళితే ఏం జరుగుతుందో నా కళ్ళకు కట్టింది. జెర్సీ వేసుకుని, గ్రౌండ్‌లో నిలబడి, రెండు నిమిషాల్లో. నేను మళ్ళీ కాగితాలు సర్దే మనిషినే.

ఉత్తరాన్ని ఒక కవర్లో పెట్టి, పైన పెన్సిల్‌తో 'ఇతరాలు' అని రాసి, చాకలి బిల్లులున్న పెట్టెలో అడుగున పెట్టాను. ఆ పెట్టె ఎవరూ తెరవరు.

ఆ మధ్యాహ్నమే వచ్చింది ఆ అమ్మాయి. "అక్కా, ఈ లాస్ట్‌ల నిలబడ్డాయన పేరు ఏడన్నా దొరికిందా? లూజ్ పేపర్స్‌ల చూసిండ్రా?"

"చూశానమ్మా. ఏమీ లేదు."

నేనే స్వయంగా కాలేజీ పత్రికకు వ్యాసం రాసి, నా పేరుతో ఈ సంగతి బయటపెట్టాలని నా ఆలోచన. అందులో తప్పేముంది, కనిపెట్టింది నేనే కదా అని నాకు నేనే వకీలునయ్యాను. మూడు వారాల్లో నాలుగు వాక్యాలు రాశాను. నాలుగూ కొట్టేశాను.

చలి తగ్గే రోజుల్లో ఒక ముసలావిడ కాలేజీకి ఫోన్ చేసింది. మనవరాలెవరో వీడియో చూపించిందట. ఆ చివర నిలబడ్డది మా తాతయ్య అనుకుంటున్నాను అంది. ప్రచార విభాగం అమ్మాయే ఆవిణ్ణి రమ్మంది. ఎనభై ఏళ్ళావిడ, పల్లెపట్టు నుంచి మూడు గంటలు రైల్లో కూర్చుని ఒక్కతే వచ్చింది. మా గదిలో బల్ల చుట్టూ ఆవిడ, మా పెద్దావిడ, ఆ అమ్మాయి, నేను.

ముసలావిడ భూతద్దం పెట్టి ఫొటో చాలాసేపు చూసింది. "ఆ చెవులు మా తాతయ్యవే. మా అన్నయ్యలకూ అవే వచ్చాయి," అని నవ్వింది. తర్వాత చెప్పింది. తాతయ్య ప్రతి క్రిస్మస్‌కూ ఆ ఆట కథ చెప్పేవాడట, కాలేజీ వాళ్ళతో ఆడాను, ఆఖరి గోల్ నేనే కొట్టాను అని. ఆ అన్నయ్యలు నవ్వేవాళ్ళట. బంగాళాదుంపల తొక్కు తీసేవాణ్ణి కాలేజీ జట్టులో ఎవరు చేర్చుకుంటారు అని. "కొన్నాళ్ళకు చెప్పడం మానేశాడు," అంది.

మా పెద్దావిడ గొంతు తగ్గించి, "పోలికలు సరిపోవండి. పేరున్న కాగితం ఒక్కటైనా ఉంటేనే ఫొటో కింద రాయగలం," అంది.

కాగితాలు చూసేది నేనని ముసలావిడకు ముందే చెప్పి ఉన్నారు. నా వైపు తిరిగింది. "ఈ పేరు ఎక్కడైనా నీ కంటపడిందా అమ్మా?" అని తాతయ్య పేరు చెప్పింది. ఉత్తరం కింద సంతకంలో ఉన్న పేరే, ఇంటిపేరుతో సహా.

నా వెనక అల్మారాలో, నా వీపుకు రెండడుగుల దూరంలో ఉంది ఆ పెట్టె. తీసి ఇవ్వడానికి ఒక్క నిమిషం పట్టదు. కానీ తీస్తే ఎప్పటినుంచి ఉందని అడుగుతారు. ఆ అమ్మాయి నా ముఖంలోకే చూస్తోంది.

"లేదండీ. ఇంతవరకు పడలేదు," అన్నాను.

"ఫర్వాలేదమ్మా," అని నా చేతిమీద తట్టింది ఆవిడ. "కథలు బాగా చెప్పేవాడులే మా తాతయ్య." ఆ మాటతో ఆవిడ కూడా ఆయన్ని నమ్మడం మానేసినట్టు నాకు అర్థమైంది. ఆ అమ్మాయి ఆవిణ్ణి ట్రామ్ దాకా దిగబెట్టి వచ్చింది.

అది గురువారం. శుక్ర, శని, ఆదివారాలు నేను ఏం వండానో, ఏం తిన్నానో గుర్తులేదు. సోమవారం ఉదయం అందరికన్నా ముందు వెళ్ళి కవరు తీసుకుని, నేరుగా ఆ అమ్మాయి గదికి వెళ్ళాను. మా పెద్దావిడ దగ్గరికి ముందు వెళ్ళి ఉండవలసింది. ఎందుకో కాళ్ళు ఇటే వచ్చాయి.

చదివింది. తల ఎత్తకుండానే, "ఎప్పుడు దొరికింది అక్కా?" అంది.

"నెల దాటింది."

"మొన్న ఆవిడ మన ముందల కూసున్నప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు దాచిండ్రు?"

"నువ్వు చెప్పేస్తావని." ఇంకా మంచి మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు. "నిన్ను చూసి ఓర్వలేకపోయాను."

ఆ అమ్మాయి ఉత్తరాన్ని మడిచి కవర్లో పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. "నాకు చెప్పకపోతే చెప్పకపోయిండ్రు. నాకేం కాదు. ఆ ముసలామెకు చెప్పాలె కదా అక్కా. త్రీ అవర్స్ ట్రైన్ల కూసొని వచ్చింది ఆమె." అక్కా అంది కానీ, ఆ పిలుపులో ఎప్పుడూ ఉండే చనువు లేదు.

మా పెద్దావిడకు నేనే చెప్పాను. నా అంతట నేను వచ్చి చెప్పానన్న ఒక్క కారణానికే ఉద్యోగం ఉంచింది. అల్మారా తాళాలు తీసుకుంది. మూడు నెలలపాటు ఏ పెట్టె కావాలన్నా ఆవిడ తెరిచి ఇస్తే చూసి, మళ్ళీ ఆవిడకు అప్పగించాను.

ఆ వారమే ఆ అమ్మాయీ నేనూ ఆ ముసలావిడ ఊరికి రైల్లో వెళ్ళాం. మూడు గంటల్లో మేం మాట్లాడుకున్నది టికెట్ల గురించి మాత్రమే. ఇల్లు చిన్నది, ముందు గులాబీ మొక్కలున్నాయి. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, చిన్న అక్షరాలు నాకు ఆనవు, ఎవరైనా చదవండి అంది. అమ్మాయి ఉత్తరం నా చేతికిచ్చింది. "మీరే చదువుండ్రి. ఆ రైటింగ్ మీకే వస్తది."

నా ఇంగ్లీషులోనే చదివాను. అమ్మ నమ్మడం లేదు అన్నచోట ఆవిడ చెయ్యెత్తి ఆపమంది. ఆ వాక్యమే మళ్ళీ చదవమంది. చదవడం అయ్యాక, ఇది ఆ రోజు నా దగ్గర ఉంది, కావాలనే చెప్పలేదు అన్నాను.

"ఎందుకు?"

"అసూయతో. ఈ అమ్మాయి మీద."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ రోజు రైల్లో ఇంటికొస్తూ ఏడ్చాను. పోయినాయన మీద కోపం తెచ్చుకున్నాను, ఇన్నేళ్ళు మాకు అబద్ధం చెప్పాడని. అప్పుడు నీతో ఫర్వాలేదన్నాను కదా. ఇప్పుడు అనను," అంది. లేచి వెళ్ళి టీ పెట్టింది. కేకు కోసి నాకూ ఒక ముక్క పెట్టింది. వదలకుండా పూర్తిగా తిన్నాను.

ఫొటో కింద ఇప్పుడు పంతొమ్మిది పేర్లున్నాయి. దాన్ని గోడకు తగిలించిన రోజు కాలేజీలో విందు జరిగింది. ముసలావిడ, బతికి ఉన్న ఒక్క అన్నయ్యను వెంటపెట్టుకుని వచ్చింది. తొంభైకి దగ్గరపడిన ఆయన చేతికర్ర మీద వంగి, ఆ పంతొమ్మిదో పేరు దగ్గర వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. ప్రసంగం ఆ అమ్మాయిదే. చదివి విప్పింది ఈమె అని నా పేరు చెప్పి, నన్ను లేచి నిలబడమంది. దాచిన సంగతి ఎవరికీ చెప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు. తన ప్రసంగం ముగిశాక తనకు కొట్టారు. నేనూ కొడుతూనే, తనకు ఎక్కువసేపు కొడుతున్నారని లెక్కపెట్టుకున్నాను. ఇంత జరిగాక కూడా. బుద్ధి వస్తుంది కానీ, కడుపులో మంట దాని దారిన అది ఉంటుంది.

ఏడాది తిరక్కుండా ఆ అమ్మాయికి క్యాన్‌బెరాలో ప్రభుత్వోద్యోగం వచ్చింది. ఇప్పుడు అక్కడే గంగాలిన్‌లో ఉంటుంది. పాత చనువు తిరిగి రాలేదు కానీ, వెళ్ళేముందు ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చింది. పప్పు మళ్ళీ వడ్డించుకుంది. తిన్నాక పెరట్లో మా అమ్మాయికి గంటసేపు బంతి తన్నడం నేర్పింది. బంతిని రెండు చేతుల్లోంచి కాలిమీదికి ఎలా జారవిడవాలో, పాదం ఎక్కడ తగలాలో. నేను కిటికీలోంచి చూస్తూ గిన్నెలు కడుక్కున్నాను. అంతకు ముందు రెండేళ్ళు నా బిడ్డ ఆటలకు నీళ్ళసీసా మోసింది నేను. ఆ గంటలో దాని ముఖంలో కనిపించిన వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

పోయిన నెల వాళ్ళ జట్టు ఫైనల్‌కు చేరింది. కారులో వస్తూ మా అమ్మాయి అడిగింది, "అమ్మా, క్యాన్‌బెరా అక్క విల్ షీ కమ్ టు మై గేమ్?"

"అంత దూరం నుంచా? నేనొస్తానుగా."

"యా, యూ కెన్ కమ్ టూ," అంది.

నవ్వొచ్చింది, చురుక్కుమంది, రెండూ ఒకేసారి. ఇంటికొచ్చి, బూట్లు విప్పకముందే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆట ఏ రోజో, ఏ గ్రౌండో చెప్పి, మా ఇంట్లోనే దిగమన్నాను.

"వస్త అక్కా," అంది.